ఆఖరి రాత్రికి పోతే పాట వినపడదు

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే నలుగురు స్నేహితురాళ్లం. పోయినేడాది టికెట్ కొని అక్కడ మూడు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్‌కు వెళ్లాం. ఈసారి మా జిల్లా పాటలు వినిపిస్తానని వాళ్లను గూగూడు పీర్ల పండగకు పిలిచాను. ఆఖరి రాత్రికి వెళ్తే చాలా మేడమ్? మాలో ముస్లింలు ఎవరూ లేరు, రానిస్తారో లేదోనని ఒకమ్మాయికి టెన్షన్.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు ఆ అమ్మాయి టెన్షన్ తీర్చేద్దాం. గూగూడు ఉన్న నార్పల చుట్టుపక్కల బళ్లలో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. నా హాజరుపట్టీలో కుళ్లాయప్పో కుళ్లాయమ్మో లేని ఏడాది లేదు. వాళ్లలో ఎక్కువమంది హిందువుల పిల్లలే. గూగూడు పీరు కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే పుట్టారని పెట్టిన పేర్లు. పీర్లను నిలిపే చావిడిలో చక్కెర చదివించి, అట్నుంచి అటే ఆంజనేయస్వామి గుడికి పోయి టెంకాయ కొట్టే ఊరమ్మా అది.

ఇక ఆఖరి రాత్రి. ఆ రాత్రి జనం వచ్చేది నిప్పుల గుండం చూడటానికి, పాట వినడానికి కాదు. తెల్లవారుజామున నిప్పుల మీద నడుస్తుంటే మీకు కనపడేవి ముందువాళ్ల తలకాయలే. పండగ పది రోజులు. ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో చేరుకోండి. ఆ రోజుల్లో గుంపులు తీరిగ్గా పాడతాయి. ఒకాయన ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు, అడుగేమో తప్పెటను బట్టి పడుతుంది. ప్రవక్త మనవళ్లు అసేన్ ఉసేన్ల కథ, కర్బలాలో నీళ్లు దొరక్క పడ్డ పాట్లు, అంతా మన తెలుగులోనే. బోరు ఎండిపోయిన రైతు ఆ దాహం గురించి పాడుతుంటే గొంతు వేరేగా ఉంటుంది, మీకే తెలుస్తుంది.

పాట మొదలుకాకముందే అక్కడ ఉండండి. చల్లగాలికి తప్పెట తోలు సడలిపోతుంది. ఇంత గడ్డి మంటేసి, తప్పెటను తిప్పుతూ కాస్తారు. మధ్యలో వేలితో ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. చాలకపోతే మళ్లీ మంటకే. మొద్దుగా పలికింది ఖంగుమనే దాకా ఇదే పని. మీ ఫెస్టివల్‌లో మైకు ముందు ‘హలో హలో’ అంటారే, అదన్నమాట.

ఒక్క మాట, తప్పెట పక్కన నిలబడి రికార్డు చేయకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో టేప్‌రికార్డరు అరువు తెచ్చుకుని రెండు క్యాసెట్లు నింపుకొచ్చాను. ఇంట్లో పెట్టి వింటే మోత తప్ప ఒక్క మాట వినపడితే ఒట్టు. పైగా క్యాసెట్ల డబ్బులు నావే. పాడేవాళ్ల వెనక నాలుగడుగుల దూరంలో నిలబడాలి. అసలు మొదటి రాత్రి ఫోన్లు సంచిలో పడేయండి.

నలుగురూ నాలుగు దిక్కులా పోకుండా గుడి ముందు కలుసుకునేటట్టు టైము పెట్టుకోండి. ఆ జనంలో ఫోన్లను నమ్ముకోలేం. పాత చెప్పులేసుకుని పోండి. పగలు అనంతపురం వచ్చి నిద్రపోయి, సాయంత్రానికి మళ్లీ నార్పల బస్సెక్కితే సరి. నిద్రకు ఆగలేని మనిషి గుంపులో ఒకరు ఉండనే ఉంటారు, ఆమెను బలవంతపెట్టొద్దు.

సెలవు మాత్రం చంద్రుణ్ని చూసుకుని పెట్టండి. 2025లో మొహర్రం జులై 6న వచ్చింది. ఏటా పదీ పదకొండు రోజులు ముందే వస్తుంది.

ప్రశ్న: ఉరుములు అంటే తప్పెట లాంటివేనా మేడమ్?
– ఒక విద్యార్థి, కదిరి

జవాబు: కాదు నాయనా. తప్పెటకు ఒకటే ముఖం. ఉరుముకు రెండు. ఒకవైపు పుల్లతో కొడతారు, రెండోవైపు తోలు మీద పుల్లతో రుద్దుతారు. మబ్బు మూలిగినట్టు వచ్చేది ఆ రుద్దుడు చప్పుడే. మన అనంతపురం వైపు జాతరల్లో ఉరుములవాళ్లు ఎదురుపడితే ఆ రుద్దే చేతి పక్కకు పోయి నిలబడు.