బ్రెడ్ నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

విజయవాడలో బేకరీ కోర్సులో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మొదటి వారం చేసిన బ్రెడ్లు రెండూ నడుమ కుంగిపోయాయని, ఆ రాత్రి నువ్వు అన్నం కూడా తినలేదని చెప్పింది. గుంటూరులో ముప్పై ఏళ్లు ఈ పిండితోనే బతికాను కనుక రాస్తున్నాను.

తల్లీ, తప్పు నీ చేతిది కాకపోవచ్చు. పిండి గంటన్నర పులియాలని మీకిచ్చిన కాగితంలో ఉండి ఉంటుంది. ఆ గంటన్నర చల్లని ఊళ్ల లెక్క. వేసవిలో మీ అమ్మ రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి గిన్నె దాటి పొర్లడం చూశావు కదా, ఈస్ట్ స్వభావమూ అంతే. నేను పనిలో చేరిన రెండో ఏడు రోహిణీ కార్తెలో గడియారాన్ని నమ్మి, నలభై బ్రెడ్ల పిండిని అలాగే ఉంచేశాను. ఓవెన్‌లో పెట్టగానే అన్నీ ముడతలు పడి కూలిపోయాయి. ఆ పుల్లటి వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని ఎండాకాలంలో ముందు నీళ్ల సంగతి చూడు. మేడమీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. కిలో మైదాకు 600 గ్రాముల నీళ్లు పోస్తావనుకుంటే, అందులో కొంత ఐసుముక్కలుగా తూచి వెయ్యి. పిసికే రాపిడికి కూడా పిండి వేడెక్కుతుంది. పిసకడం అయ్యాక ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే చేతికి కాస్త చల్లగా తగలాలి. చలికాలంలో కిలోకు 10 గ్రాముల పొడి ఈస్ట్ వేస్తే, మే నెలలో 5 గ్రాములు చాలు. ఉప్పు మాత్రం ఎప్పుడూ 20 గ్రాములే. ఉప్పు మరిచిపోతే రుచి పోవడమే కాదు, పిండి పులియడం పట్టపగ్గాలు లేకుండా పరుగెడుతుంది. చెంచా కొలతలు వద్దు, అన్నీ తూకమే.

పిసికిన పిండిలో చిన్న ముక్క తీసి రెండు చేతులతో మెల్లగా సాగదీసి, కిటికీకి ఎదురుగా పట్టుకో. తెగకుండా పలచని పొరై వెలుతురు కనిపిస్తే చాలు. తెగితే ఇంకో ఐదు నిమిషాలు పిసుకు.

ఇక ఆకారం. మీ అమ్మమ్మ బొబ్బట్లకు పూర్ణం చుట్టూ పిండి లాగి అంచులు పైన ముడిచేది చూడు, బన్నుకు కూడా అదే చెయ్యి. తేడా ఏమిటంటే ఇక్కడ లోపల పూర్ణం లేదు, పై పొర బిగువే దానికి ఆధారం. ముడి కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టి, అరచేతి అంచుతో నీవైపు లాగు. అడుగు బల్లకు కొద్దిగా అంటుకుంటూ వస్తే పై చర్మం బిగుసుకుంటుంది, నున్నగా మెరుస్తుంది. కొత్తవాళ్లు పిండి అంటుకుంటోందని పొడి మైదా గుప్పిళ్లతో చల్లుతారు. అప్పుడు ముద్ద జారుతుందే కాని బిగియదు, ముడి కూడా అతుక్కోక ఓవెన్‌లో విచ్చుకుంటుంది. బ్రెడ్‌ను చాపలా చుట్టేటప్పుడు కూడా ఇంతే: ప్రతి చుట్టుకూ బొటనవేళ్లతో నొక్కుతూ, చివరి అంచును గట్టిగా గిల్లి మూసి, ఆ అతుకు అడుగుకు వచ్చేలా బ్రెడ్ కాల్చే అచ్చులో పెట్టు. ఉంగరం తీసెయ్యి, పొర చిరుగుతుంది.

అచ్చులో పొంగాక వేలితో మెత్తగా నొక్కు. గుంట వెంటనే పూడితే ఆగాలి. నెమ్మదిగా సగం పూడితే అదే అదను. అలాగే ఉండిపోతే ఆలస్యమైనట్టే, నీ రెండు బ్రెడ్లకూ జరిగింది ఇదే అనుకుంటున్నాను.

కాల్చడం మీ గురువుగారు చెప్పినట్టే చెయ్యి. తీశాక అచ్చులో ఉంచకు, అడుగు చెమ్మగిల్లుతుంది. తీగల జల్లెడ మీద గంటసేపు ఆరనిచ్చి కొయ్యి.

ఆదివారం బస్సుకు వచ్చేటప్పుడు ఈ వారం చేసిన బ్రెడ్ కొయ్యకుండా తీసుకురా. దాని అడుగు నేను చూడాలి.

మీ మావయ్య