దేశం ఎదుగుతుంటే కొన్ని జిల్లాలు వెనకే ఎందుకున్నాయి?

మీ ప్రశ్న ఇది: ప్రపంచంలోని అయిదు పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో మనదీ ఒకటంటున్నారు, మరి బీహార్‌లో ఇంకా అంత పేదరికం ఎందుకుంది, అక్కడివాళ్లు కష్టపడకపోవడమే కారణమా?

చివరి ముక్కకు ముందు జవాబు చెప్తాను. కారణం అది కాదు. ఈ మాట ఒకప్పుడు మమ్మల్ని కూడా అన్నారు. మాది పాత పాలమూరు జిల్లా, ఇప్పటి నారాయణపేట. నా చిన్నప్పుడు దసరా దాటిందంటే ఊళ్లో సగం ఇళ్లల్లో ముసలివాళ్లు, పిల్లలే మిగిలేవాళ్లు. పెళ్లికో, జబ్బుకో చేసిన అప్పు తీర్చడానికి గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఆలుమగలిద్దరూ పనికి పోవాల్సిందే. కట్ట పనులకు, కాలువ పనులకు, కాదంటే బొంబాయికి. లెక్కంతా మేస్త్రి పుస్తకంలో ఉండేది, చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టిన కూలీల్లో పాలమూరు వాళ్లు ఎందరో. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేదే మా జిల్లాలో. అయినా మా చేలకు వానే దిక్కు.

అట్లా పోయినవాళ్లు సంపాదించింది అప్పుకు, వడ్డీకి, మరీ అయితే ఇంటి పైకప్పుకు సరిపోయేది. ఊరికి మిగిలిందేమీ లేదు. వలస ఇల్లు నిలబెడుతుంది కానీ ప్రాంతాన్ని నిలబెట్టదు. వాళ్ల చెమటతో పెరిగిన విలువంతా పనిచేసిన నగరం లెక్కలోనే పడుతుంది.

మరి మారిందేమిటి? జూరాల, కోయిల్‌సాగర్, భీమా ఎత్తిపోతల కింద కొన్ని ఊళ్లకు నీళ్లొచ్చాయి. కరెంటు నిలకడగా ఉంటోంది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ తొలి విడతలోనే మా జిల్లాకూ వచ్చింది. చేసేది మట్టిపనే అయినా, ఊళ్లోనే కూలి దొరుకుతుందన్న ధైర్యంతో మేస్త్రితో బేరమాడే బలం వచ్చింది. నీళ్లు అందని ఊళ్ల నుంచి, తండాల నుంచి ఇప్పటికీ వలస పోతున్నారు, అది దాచను. కానీ నీళ్లొచ్చిన చోట తేడా కళ్లముందే ఉంది.

ఎంత తేడా అంటే, ఇప్పుడు మా పొలాల్లో నాట్లు వేస్తున్నది బీహార్ నుంచి వచ్చిన గుంపులు. ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుంటారు. తెల్లవారక ముందే కరిగట్లో దిగి, వరసగా వంగి వెనక్కి నడుస్తూ మునుం పట్టారంటే పొద్దెక్కే సరికి మడి పచ్చబడుతుంది. మధ్యాహ్నం ఒడ్డు మీద కూర్చుని ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ సత్తు పిండి, అంటే వేయించిన శనగల పిండి, తింటారు. ఫోన్‌లో ఇంటికి డబ్బు పంపి, చేరిందో లేదో అవతలివాళ్లు చెప్పేదాకా టెన్షన్‌గా చూస్తుంటారు. వాళ్లలో ఒకతనిది కోసీ నది ఒడ్డు. మాకు నీళ్లు లేక బాధ, వాళ్లకు నీళ్లు ఎక్కువై బాధ. 2008లో నేపాల్ వైపు కుశహా దగ్గర కట్ట తెగి కోసీ దారే మార్చుకుంది, లక్షల మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. ఆ పల్లెల్లో పొలం ఉన్నా దాని మీద నమ్మకం ఉండదు. ఆ మనిషికి కష్టపడటం రాదని ఎవరైనా అంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

బీహార్ వెనకబాటుకు పాత కారణాలు కూడా గట్టివే. 1793 నాటి శాశ్వత శిస్తు పద్ధతిలో భూమంతా జమీందార్ల చేతికి పోయింది, సాగుచేసేవాడికి మిగిలింది తక్కువ. స్వాతంత్ర్యం తర్వాత 1952 నుంచి బొగ్గు, ఉక్కు రవాణా ఖర్చు దేశమంతటా సమానం చేశారు. దాంతో అప్పటి బీహార్‌లో ఉన్న గనుల పక్కనే ఫ్యాక్టరీ పెట్టాల్సిన అవసరం పోయి పరిశ్రమలు ఓడరేవుల వైపు వెళ్లాయి. నలభై ఏళ్లు నడిచిన ఈ విధానాన్ని ఎత్తేసే సరికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 2000లో జార్ఖండ్ విడిపోవడంతో ఆ గనులూ పోయాయి.

అయినా పేదరికం తగ్గడం లేదనుకోవడం తప్పు. చదువు, ఆరోగ్యం, ఇల్లు, కరెంటు లాంటివన్నీ కలిపి నీతి ఆయోగ్ వేసిన లెక్కలో బీహార్‌లో పేదలు 2015-16లో దాదాపు 52 శాతం, 2019-21 నాటికి 34 శాతం. అదే సమయంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు 6 శాతం దగ్గర, కేరళ 1 శాతం లోపు ఉన్నాయి. తగ్గుతోంది కానీ దూరం ఇంకా చాలా ఉంది.

రాష్ట్రాల సగటు చూసి మనం మురిసిపోవడానికీ లేదు. తలసరి ఆదాయంలో రంగారెడ్డి తెలంగాణలోనే మొదటి స్థానంలో ఉంది. 2016లో అందులోంచి విడదీసిన వికారాబాద్ అట్టడుగు జిల్లాల్లో ఒకటి. ఐటీ టవర్లున్న జిల్లాకూ, కందిపంట మీద బతికే జిల్లాకూ మధ్య సరిహద్దు రాయే అడ్డం.

ఇక ఇలాంటి చర్చల్లో తరచూ వినబడే మాట, మన పన్నులు బీహార్‌కు ఎందుకు పోవాలని. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పంచిన కేంద్ర పన్నుల వాటాలో బీహార్‌కు 10 శాతం, తెలంగాణకు 2.1 శాతం వచ్చింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మా జిల్లాకు ఎత్తిపోసిన నీళ్లకు డబ్బు మా ఊరి పన్నుల్లోంచి రాలేదు. అందులో పెద్ద భాగం హైదరాబాద్ ఆదాయమే. అప్పుడు హైదరాబాద్ వాళ్లు పాలమూరుకు ఎందుకివ్వాలని పట్టుబట్టి ఉంటే మేమింకా బొంబాయి బస్సు కోసం నిలబడే ఉండేవాళ్లం. బీహార్‌కు పోతున్న డబ్బు కోసీ కట్టలకు, బళ్లకు, ఊరి దగ్గర పనికి ఖర్చవుతోందా లేదా అని మాత్రం గట్టిగా అడగాలి. అడగడంలో నేను మీతోనే ఉంటాను.