ప్రీమియర్ డ్రమ్ కిట్ ఇచ్చేసే ముందు ఒక్క మాట

తమ్ముడూ,

మొన్న ఫోన్లో "అన్నా, వాయించడం ఆపేశా, ఇంక డ్రమ్స్ కూడా ఇచ్చేస్తా" అని ఒకే ఊపులో అనేశావు, అప్పట్నుంచి మనసు మనసులో లేదు నాకు. అవి రెండూ వేరే విషయాలు రా. భుజం పోయింది, డాక్టర్ ఆపమన్నాడు, ఆపావు, మంచిదే. కిట్ సంగతి మాత్రం ఈ నెలలో తేల్చొద్దు, సంక్రాంతి దాకా ఆగు.

నేను ఆగలేదు కాబట్టే చెప్తున్నా. రవీంద్రభారతిలో నా ఆఖరి ప్రోగ్రామ్ అయిన ఇరవై రోజులకే నా కిట్ అమ్మేశా, అదీ ముక్కలుగా, ముందు పెట్టుకునే స్నేర్ డ్రమ్ ఒకరికి, కాలితో కొట్టే పెద్ద కిక్ డ్రమ్మూ మిగతా టామ్ డ్రమ్సూ ఇంకొకరికి. ఇంట్లో ఖాళీగా కూర్చుని ఆ డ్రమ్స్ వైపు చూడలేకపోయా, అంతే కారణం, డబ్బు అవసరం కూడా లేదు. రెండేళ్ల తర్వాత సికింద్రాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్తే స్టేజ్ మీద నా కిక్కే ఉంది. ముందు వైపు బిగించే పొర, అదే స్కిన్, తీసేసి ఉంది, లోపల నేను పెన్నుతో రాసుకున్న పేరు కనబడింది, పైన వేరే స్టాండ్ బిగించడానికి కొత్తగా నాలుగు హోల్స్ కొట్టారు. అన్నం తినకుండా వచ్చేశా.

నీది 1960ల నాటి ఇంగ్లండ్ కంపెనీ ప్రీమియర్ వాళ్ల కిట్, అది మామూలు సామాను కాదు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కూడా 1963లో లుడ్విగ్ కంపెనీ కిట్‌కి మారకముందు ప్రీమియరే వాయించాడు. మన ఆర్కెస్ట్రాల్లోకి ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వచ్చాక ఎన్ని కిట్లు సజ్జ ఎక్కాయో, ఎన్ని పాత సామాన్లోడికి పోయాయో నువ్వూ చూశావు కదా. అయితే ఒక చిక్కుంది, 1960ల చివరి దాకా ఇంగ్లండ్‌లో చేసిన ప్రీమియర్ డ్రమ్స్‌లో కొన్నిటి సైజు ఇప్పటి సైజుకి కొంచెం తేడా, షాపులో దొరికే స్కిన్ వాటికి ఎక్కదు. స్కిన్ తీసి డ్రమ్ గుండ్రటి చెక్క, అదే షెల్, కొలిచి చూడు, టామ్స్ తేడాగా ఉంటే కొనేవాడికి ముందే చెప్పాలి, దాచిపెట్టి అమ్మడం మన పద్ధతి కాదు.

అమ్మినా అమ్మకపోయినా ఇప్పుడు చేతులు పెట్టొద్దు దానికి. తాళాల్లాంటి ఆ సింబల్స్‌ని బ్రాసో పాలిష్ పెట్టి తోమకు, ఆ మెరుపు కోసం పైనున్న కంపెనీ ముద్ర అరిగిపోతుంది, ముద్ర పోతే అది ఏ కాలం సింబలో చెప్పడం కష్టం. షెల్స్ పైన అంటించిన ప్లాస్టిక్ రేకు లేచిందని కొత్త రేకు వేయించకు. పాత కిట్‌కి విలువ ఇచ్చేవాళ్లు ముందు చూసేది అసలు రేకు, అసలు బ్యాడ్జి, ఎక్కడా ఎక్స్‌ట్రా హోల్ లేకపోవడం. స్కిన్స్ మార్చినా ఫర్వాలేదు, అవి అరిగేవే. సజ్జ మీద మే ఎండకి చెక్క ఎండిపోతుంది, వానల్లో తేమ పడుతుంది, కిందికి దించి లోపలి గదిలో పెట్టు.

తర్వాత ఒక ఆదివారం హాల్లో మొత్తం కిట్ సెట్ చెయ్యి, స్నేరూ, కాలితో మూసి తెరిచే జంట సింబల్స్ హై హ్యాటూ పెట్టి మరదలు వినేలా కర్రలతో కాకుండా బ్రష్‌లతో పది నిమిషాలు మెల్లగా వాయించు, భుజం ఎత్తకుండా మణికట్టుతోనే. లేచాక ఇంకా పదినిమిషాలు కూర్చోవాలనిపిస్తే ఉంచుకో, ఇంట్లో చోటు లేదంటే నా ఇంట్లో పెడదాం. అసలు ఏమీ అనిపించకపోతే, లేదా పిల్ల పెళ్లికి డబ్బు కావాలంటే, ఏ బాధా పెట్టుకోకుండా అమ్మెయ్. కానీ షెల్స్‌ని మాత్రం విడదీయకు, కిక్కూ టామ్సూ స్నేరూ అన్నీ కలిపి ఒక్కరికే ఇవ్వు, ఒకేసారి పుట్టిన షెల్స్‌ని విడగొడితే ఇక కలవవు. సింబల్స్ నీ దగ్గరే ఉంచుకో, కొనేవాడి దగ్గర ఎలాగూ సింబల్స్ ఉంటాయి.

కొనేవాడికి డబ్బు ఎంత ఉందో అడిగే ముందు ఎక్కడ వాయిస్తాడో అడుగు. రేట్ కొంచెం తక్కువైనా స్టూడియోలో వాయించే పిల్లాడికి ఇస్తే నాకు నిద్ర పడుతుంది, నీకూ పడుతుంది.

వచ్చే ఆదివారం నేనే వస్తా, కొలిచే టేపూ, స్కిన్ విప్పే కీ తీసుకొస్తా. నేనొచ్చేదాకా సజ్జ మీద నుంచి నువ్వొక్కడివే దించకు, ఆ భుజంతో.

మీ అన్న