ఆర్మీలో కాలిపర్లు చేసినవారు బయట క్లినిక్ పెట్టొచ్చా?
ఆర్మీలో కృత్రిమ కాళ్లు, కాలిపర్లు (బలహీనమైన కాలికి ఆసరాగా తొడిగే సాధనాలు) చేసి రిటైరయ్యారు, శ్రీకాకుళంలో క్లినిక్ పెట్టొచ్చా అని అడిగారు. చేతిపని ఒక్కటే చాలదండీ. 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుండాలి. దానికి కౌన్సిల్ గుర్తించిన కోర్సు చదివుండాలి. మీ సర్వీసు కాగితాల్లో అది ఉందో లేదో ముందు చూసుకోండి. మాజీ సైనికుడిగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా పేరు నమోదు చేయించుకోండి.

అసలు తేడా పేషెంట్లలో ఉంటుంది. అక్కడ మీ దగ్గరకు ఎక్కువగా గాయపడిన కుర్ర జవాన్లు వచ్చుంటారు. ఇక్కడ షుగర్‌తో కాలు పుండుపడిన పెద్దాయన, పక్షవాతంతో పాదం జారిపోయిన అమ్మ, వంకర పాదాల పసిబిడ్డ వస్తారు. ప్లాస్టర్ అచ్చు తీసి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ షీటు వేడిచేసి దిద్దడం మీకు తెలిసిన పనే. కానీ పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకు కాలిపర్‌ను బూటులో ఇమిడేలా చేసిస్తే మూలన పడేస్తారు. పైగా మొదటి ప్రశ్న "ఎంతవుద్ది బాబూ?" అనే. ఆర్మీలో ఆ మాట మీరు విని ఉండరు! అందుకే ఒకట్రెండేళ్లు విశాఖలో రిజిస్టరైన ఆర్థోటిస్టు (కాలిపర్ల వంటివి చేసే నిపుణుడు) దగ్గర పనిచేయమంటాను.