బోర్డు ఎన్నాళ్ళు వేలాడిందో చూడు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో మూడు ప్రశ్నలు ఒక్క ఊపులో అడిగేశావు. ఓనర్ అద్దె పెంచుతానంటున్నాడు, ఒప్పుకోవాలా? ఇలా అద్దెలు పోసే బదులు ఫ్లాట్ కొనేసుకుంటే పోదా? అమ్మావాళ్ళు పాత ఇల్లు అమ్మేద్దామంటున్నారు, ఎంత చెప్పాలి? ఒకదానికి జవాబు చెప్పబోయి ఇంకోదాంట్లోకి జారిపోయి నేనే తికమకపడ్డాను. అందుకే కాగితం ముందు కూర్చున్నాను. ఆలోచిస్తే మూడింటికీ ముందు చూడాల్సింది ఒకటే అనిపించింది. ఇల్లు ఎంత పలుకుతోందని అందరూ అడుగుతారు. ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందని అడిగేవాళ్ళు తక్కువ. నువ్వు ఆ రెండో ప్రశ్న అడగడం నేర్చుకో.

'ఇళ్ళ ధరలు పెరిగాయి' అనే వార్త చూసి టెన్షన్ పడుతున్నానన్నావు కదా. అది ఊరంతా కలిపి తీసిన లెక్క. ఒక నెలలో అయిదు ఇళ్ళు 40, 42, 45, 48, 50 చొప్పున అమ్ముడయ్యాయనుకో. సగటు 45. మర్నెల ఏ ఇంటి ధరా మారలేదు, కానీ ఆ 48 లాంటి ఇల్లు అమ్ముడవ్వలేదు, దాని బదులు ఎవరో పెద్ద బంగళా 120కి కొన్నారు. సగటు 59 దాటిపోతుంది. 'ధరలు మూడో వంతు పెరిగాయి' అని రాసేస్తారు. వరుసలో మధ్యనున్న ఇల్లు మాత్రం ఇంకా 45 దగ్గరే ఉంటుంది. అమెరికాలో కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలు 1980లలో ఈ చిక్కు విప్పడానికే ఒక పద్ధతి పట్టుకున్నారు. అదే ఇల్లు మొదటిసారి ఎంతకు పోయింది, మళ్ళీ అమ్మినప్పుడు ఎంతకు పోయింది అని జంటలుగా పోల్చారు. నీకు సూచీలు అక్కర్లేదు, ఆ బుద్ధి చాలు. నీ కంటపడ్డ అపార్ట్‌మెంట్‌లోనే, అదే సైజు ఫ్లాట్ రెండేళ్ళ కిందట ఎంతకు పోయిందో కనుక్కో. నీ మార్కెట్ అంటే మహా అయితే పది పన్నెండు వీధులు. మిగతా ఊరు ఏమైపోతే నీకెందుకు?

ఆ వీధుల కోసం ఒక నోట్‌బుక్ పెట్టు. ఆదివారం నడకకు వెళ్ళినప్పుడు ప్రతి టులెట్ బోర్డూ, ప్రతి 'ఇల్లు అమ్మబడును' బోర్డూ తేదీతో రాసుకో. నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది: 'ఆకుపచ్చ గేటు, మొదటి అంతస్తు, టులెట్. మార్చి 3. మార్చి 24: బోర్డు ఉంది, ఎండకు వెలిసింది. ఏప్రిల్ 14: చిన్న కుటుంబానికి మాత్రమే అన్న మాట మీద గీత కొట్టారు.' ఆ గీత చూసి రోడ్డు మీదే నవ్వుకున్నాను. ఓనరు అద్దె తగ్గించలేదు, షరతు తగ్గించాడు. ఇది ఎప్పుడూ ఇంతే తల్లీ. మార్కెట్ మెత్తబడ్డప్పుడు ముందు కదిలేది ధర కాదు. అడ్వాన్సులో ఒక నెల తగ్గిస్తారు, గోడలకు రంగులేయిస్తామంటారు. కొత్త ఫ్లాట్లు అమ్మే బిల్డరైతే పార్కింగ్ ఉచితమంటాడు, రిజిస్ట్రేషన్ ఖర్చు మేమే పెట్టుకుంటామంటాడు. చదరపు అడుగు రేటు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే అది ఒకరికి దించితే నిన్న కొన్నవాడు వచ్చి పోట్లాడతాడు. కాగితం మీద రేటు కదలకుండా అసలు ధర పడిపోవడం అంటే ఇదే.

కొన్ని వారాలయ్యాక చిన్న లెక్క వేసుకో. నీ వీధుల్లో అమ్మకానికి 60 ఇళ్ళున్నాయి, నెలకు 10 పోతున్నాయి అంటే ఆరు నెలల సరుకు. అటూ ఇటూ కాని మార్కెట్‌కి ఆరు నెలలు అనేది చాలామంది వాడే కొండగుర్తు. మూడు నెలల సరుకే ఉంటే అమ్మేవాడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. పది నెలలు దాటితే కొనేవాడు కూర్చోవచ్చు.

ఇప్పుడు నీ అద్దె సంగతి. ఇల్లు ఒక నెల ఖాళీ పడితే ఓనర్‌కి ఏడాది అద్దెలో పన్నెండో వంతు పోతుంది, అంటే 8 శాతం పైనే. ఆయన అడుగుతున్నది 5 శాతం పెంపు. నువ్వు ఖాళీ చేసి, కొత్తవాళ్ళు దొరకడానికి ఒక్క నెల పట్టిందంటే, ఆ పోయిన అద్దె పెంపు రూపంలో తిరిగి రావడానికి 20 నెలలు కావాలి. పైన బ్రోకర్ కమీషన్, రంగులు వేరే. ఈ లెక్క ఆయన మొహాన కొట్టకు. 'అంకుల్, మన వీధిలో రెండు నెలలుగా ఇలాంటివి మూడు ఖాళీగా ఉన్నాయి, రెండేళ్ళు కదలకుండా ఉంటాను, 2 శాతం చేయండి' అని మర్యాదగా అడుగు. కానీ నీ నోట్‌బుక్‌లో బోర్డులు వారం తిరక్కుండానే మాయమవుతుంటే మాత్రం బేరం ఎక్కువ లాగకు, ఒప్పేసుకో. ఇంకోటి: ఇప్పుడు బోర్డుల మీద కనిపించే అద్దెలు కొత్తగా దిగేవాళ్ళవి. పాతవాళ్ళు కట్టే అద్దెలు వాటి వెనకాల నెమ్మదిగా నడుస్తాయి. పైకి వెళ్ళేటప్పుడు ఆ ఆలస్యం నీకు లాభం. అద్దెలు పడిపోయేటప్పుడు మాత్రం నువ్వు అడిగితేనే నీది తగ్గుతుంది.

కొనడం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అక్కడ నేనే దెబ్బ తిన్నాను.

నా మొదటి ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు బ్రోకర్ 'సార్, ఇంకా మూడు పార్టీలు లైన్లో ఉన్నాయి, సాయంత్రానికల్లా బయానా ఇస్తే మీకే' అన్నాడు. ఇచ్చేశాను. సామాన్లు దించిన రోజు వాచ్‌మన్ తాళాలు చేతికిస్తూ, 'అమ్మయ్య, పద్నాలుగు నెలల తరవాత మనుషులొచ్చారు' అన్నాడు. ఆ మాటతో నాకు చప్పున వంటింటి గోడ గుర్తొచ్చింది. మొదటిసారి చూసినప్పుడే అక్కడ ఒక కేలెండర్ ఉంది, అంతకు ముందు ఏడాదిది. కళ్ళతో చూశాను, బుర్రలోకి ఎక్కలేదు. పద్నాలుగు నెలలు ఎవరూ ముట్టని ఇంటికి నేను పూటలో బయానా ఇచ్చాను. ఆ మూడు పార్టీలు ఎవరో ఇప్పటిదాకా తెలీదు. అప్పట్నుంచీ ఏ ఇంటికెళ్ళినా ముందు వాచ్‌మన్‌తో మాట్లాడతాను, ఆ తరవాతే బ్రోకర్‌తో.

'అద్దె కడితే డబ్బు వృథా, ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది' అని మీ ఆఫీసులో అంటున్నారన్నావు. సగమే నిజం. లక్ష అప్పు, 20 ఏళ్ళు, 9 శాతం వడ్డీ అనుకో. నెలకు సుమారు 900 కట్టాలి. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది, అసలుకి జమయ్యేది 150. అయిదేళ్ళలో 54 వేలు కడతావు, అప్పు మాత్రం పదకొండు వేల చిల్లరే తగ్గుతుంది. వడ్డీ అంటే డబ్బుకి కట్టే అద్దే కదా. అందుకే నాలుగైదేళ్ళలో ఊరు మారే ఉద్యోగమైతే కొనొద్దంటాను. కొన్నప్పటి రిజిస్ట్రేషన్, అమ్మినప్పటి కమీషన్ కలుపుకుంటే చేతికి మిగిలేది బొత్తిగా ఉండదు.

వడ్డీ మారితే ఇళ్ళ మార్కెట్ ఎందుకు ఊగుతుందో కూడా అదే లెక్కలో ఉంది. అదే లక్షకి వడ్డీ 7 శాతమైతే నెలకు 775 చాలు. అంటే వడ్డీ 7 నుంచి 9కి ఎక్కితే, అదే ఈఎంఐ కట్టగలిగేవాడికి దొరికే అప్పు దాదాపు 14 శాతం తగ్గిపోతుంది. అతని జీతం తగ్గలేదు, కొనే శక్తి తగ్గింది. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యమధ్యలో మారే వడ్డీ తీసుకుంటే, వడ్డీ రెండు శాతం పెరిగినా కట్టగలవా అని ముందే చూసుకో.

ఇక ఇల్లు ఖరీదా చవకా అంటే, ధరని ఏడాది అద్దెతో భాగించు. ధర పదిహేనేళ్ళ అద్దె లోపే ఉంటే కొనడం వైపు మొగ్గొచ్చని, ఇరవై ఏళ్ళు దాటితే అద్దెకుండటమే నయమని ఒక ముతక లెక్క ఉంది. ముప్ఫై అయిదేళ్ళ అద్దెకి సమానమైన ధర పెట్టి, 9 శాతం అప్పు తెచ్చి కొంటే, ఇల్లు అద్దె రూపంలో నీకిచ్చేది ఏడాదికి 3 శాతం లోపు. మిగతాదంతా 'రేపు ఇంకా పెరుగుతుంది' అన్న ఆశకి కడుతున్న డబ్బు. ఇళ్ళ ధరలు తగ్గవు అనేవాళ్ళకి ఐర్లండ్ సంగతి చెప్పు. 2007 నుంచి 2013 దాకా అక్కడ ధరలు సగానికి పడిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో హేరెన్‌గ్రాఖ్త్ అనే కాలువ ఒడ్డున ఉన్న ఇళ్ళకి 1628 నుంచి 1973 దాకా లెక్కలున్నాయి. ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే, దాదాపు మూడున్నర శతాబ్దాల్లో వాటి విలువ రెట్టింపు అయిందంతే. అలాగని కొనొద్దనను. ఓనర్ ఖాళీ చేయమంటాడన్న భయం లేకుండా పడుకోవడానికి కూడా విలువుంది. కానీ దాన్ని ఆదాయంగా చూపించి అమ్మేవాళ్ళ మాట వినకు. కాగితాలు లాయర్‌కి చూపించకుండా మాత్రం బయానా ఇవ్వద్దు, అంతే.

అమ్మ విషయానికొస్తే, ఫోన్‌లో తను చెప్పిన అంకె విని నేను నోరు మెదపలేదు. పక్కింటివాళ్ళకి మూడేళ్ళ కిందట వచ్చిందానికి ఇంకా పైన కలిపి చెబుతోంది. ఇల్లు మార్కెట్లోకి వచ్చిన మొదటి రెండు మూడు వారాలే బంగారం. అప్పటికే నెలల తరబడి వెతుకుతున్నవాళ్ళంతా ఒకేసారి వచ్చి చూస్తారు. రేటు చూసి వాళ్ళు వెనక్కి పోతే, తరవాత వచ్చేవాళ్ళు చుక్కలు చుక్కలుగా వస్తారు. వచ్చినవాళ్ళు కూడా 'ఇన్నాళ్ళయినా పోలేదంటే ఏదో తిరకాసు ఉంది' అంటారు. రెండు నెలల తరవాత రేటు దించినా ఆ మచ్చ పోదు. మార్కెట్ చల్లబడ్డప్పుడు ముందు అమ్మకాలే ఆగిపోతాయి, ధర తరవాత దిగుతుంది. ఎందుకంటే కొన్న ధరకి తక్కువ ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. 1990లలో బోస్టన్ ఫ్లాట్ల అమ్మకాలు పరిశీలిస్తే, నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ రేటు చెప్పి, ఎక్కువ కాలం కూర్చున్నారని తేలింది. చివరికి వాళ్ళకి కాస్త ఎక్కువ వచ్చిన మాట కూడా నిజమే, దాచను. కానీ కూర్చోగలిగినవాళ్ళకే ఆ కాస్త.

అమ్మావాళ్ళు పెద్దది అమ్మి చిన్నది కొనాలనుకుంటున్నారు కాబట్టి ఇంకో మెలిక ఉంది. 100కి అమ్మి 60కి కొంటే 40 మిగులుతుంది. మార్కెట్ 10 శాతం పడితే 90కి అమ్మి 54కి కొంటారు, 36 మిగులుతుంది. పదో వంతు పడిందని అమ్మ పది పోయినట్టు ఏడుస్తుంది గానీ, పోయేది నాలుగే. ఇది నువ్వు చెప్పు. నేను చెబితే 'అన్నయ్యకి అన్నీ లెక్కలే' అంటుంది. ముందు అమ్మి, డబ్బు చేతికొచ్చాక కొనమను. మధ్యలో ఆరు నెలలు అద్దెకుండాల్సి వచ్చినా పరవాలేదు.

ఈ ఆదివారమే మొదలుపెట్టు. మొదటి పేజీ నిండాక ఫొటో తీసి పంపు. మీ ఓనర్‌తో మాట్లాడేది ఆ తరవాతే. గడువుకి ఇంకా ఏడు వారాలుందన్నావు కదా.

ఇట్లు,
మావయ్య