వీధి నిండా దగ్గులు, పేపర్లో మాత్రం పాతిక కేసులు: ఈ లెక్క ఎలా తీస్తారు?

మీరు అడిగినవి రెండు. జిల్లాలో ఫ్లూ కేసులు పాతిక కూడా లేవని పేపర్లో వేశారు, మా వీధిలో చూస్తే ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు, ఈ లెక్క ఎవరు తీస్తున్నారు అన్నది ఒకటి. ఫ్లూ టీకా ఎంతమంది వేసుకున్నారో ఎక్కడైనా తెలుస్తుందా అన్నది రెండోది. తిరుపతి వైపు ఒక పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చాలాకాలం పనిచేశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

పేపర్లో వచ్చింది అబద్ధమేమీ కాదండీ. ఆ పాతికమంది పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్ళు. అసలు పరీక్ష ఎవరికి చేస్తారో చూస్తే మీ అనుమానం సగం తీరుతుంది. హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల్ని ఏ, బీ, సీ అని మూడు రకాలు చేసింది. మామూలు జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే ఏ. జ్వరం ఎక్కువగా ఉన్నా, లేదా గర్భిణులు, పెద్దవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళలాంటి వాళ్ళకి ఈ లక్షణాలు వచ్చినా బీ. ఈ రెండు రకాలకీ పరీక్ష అక్కర్లేదనే గైడ్‌లైన్స్‌లో ఉంది, బీ వాళ్ళలో అవసరమైనవాళ్ళకి డాక్టరు నేరుగా మందు మొదలుపెట్టేయొచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, బీపీ పడిపోవడం లాంటివి ఉండి ఆసుపత్రిలో చేర్చాల్సిన సీ రకానికే స్వాబ్ తీసి, వీటీఎం ట్యూబులో (వైరస్ చెడిపోకుండా ఉంచే ద్రవం ఉన్న ట్యూబు) పెట్టి, ఐస్ ప్యాకుల మధ్య వైరాలజీ ల్యాబుకి పంపాలి. మా వైపు వాళ్ళకి తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ వాళ్ళకి గాంధీ, నారాయణగూడ ఐపీఎం ఇలా. మీ వీధిలో మంచం పట్టినవాళ్ళంతా ఏ, బీ లోనే ఉంటారు, వాళ్ళు ఆ పాతికలోకి రావడానికి దారే లేదు.

అలాగని వాళ్ళని ఎవరూ చూడటం లేదనుకోకండి, వాళ్ళకి వేరే లెక్క ఉంది. 2004లో మొదలైన ఐడీఎస్‌పీ (జబ్బుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ కార్యక్రమం) కింద మూడు ఫారాలు నడుస్తాయి. ఏఎన్ఎం ఇంటింటికీ తిరిగి చూసిన లక్షణాలు ఎస్ ఫారంలో రాస్తుంది, డాక్టరు ఓపీలో చూసి ఫలానా జబ్బు అనుకున్నది పీ ఫారంలోకి వెళ్తుంది, ల్యాబులో తేలింది ఎల్ ఫారం, అది నా పని. ఇదివరకు సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికోసారి కాగితాల మీద పంపేవాళ్ళం, 2021 నుంచి ఐహెచ్ఐపీ పోర్టల్ వచ్చాక ఏ రోజుది ఆ రోజే ఎక్కించమంటున్నారు (సిగ్నల్ ఉన్న సబ్‌సెంటర్లలో అన్నమాట). ఇందులోకి రానివాళ్ళు ఎవరంటే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నవాళ్ళు, మెడికల్ షాపులో చెప్పి మాత్రలు తెచ్చుకున్నవాళ్ళు, కషాయంతో సరిపెట్టుకున్నవాళ్ళు. ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని పంపుతాయి, చాలావరకు పంపవు.

అందుకే నన్నడిగితే అంకెని అంకెగా చూడొద్దు, పోయిన వారం మీద, పోయిన ఏడాది ఇదే వారం మీద ఎటు పోతోందో చూడాలి. అందులోనూ తిరకాసులున్నాయి. సంక్రాంతి వారం ఓపీ ఖాళీగా ఉంటుంది, జ్వరాలు తగ్గినట్టు గ్రాఫు కిందికి దిగుతుంది, ఊరి నిండా చుట్టాలు, వాళ్ళతోపాటు దగ్గులు! ఫీవర్ సర్వే పెట్టిన వారం ఆశాలు ప్రతి గడపా ఎక్కుతారు, కేసులు ఒక్కసారిగా లేస్తాయి, ఆ ఊళ్ళో ఏదో అయిపోయిందని పైనుంచి ఫోన్లు, టెన్షన్. వెతికితే దొరికాయి, అంతే. ఇలాంటప్పుడు పనికొచ్చేది పాజిటివిటీ, అంటే తీసిన శాంపిళ్ళలో నూటికి ఎన్ని ఫ్లూ అని తేలాయన్నది. ఎన్ని తీశారో చెప్పకుండా ఎన్ని వచ్చాయో ఒక్కటే వేస్తే ఆ వార్తని నేనైతే పట్టించుకోను.

ఇక టీకా. దీనికి సూటిగా చెప్పాలంటే, పెద్దవాళ్ళలో ఫ్లూ టీకాకి మామూలుగా నడిచే లెక్కంటూ లేదు. పిల్లల టీకాలకి ఉంది. న్యుమోనియాకి ఇచ్చే పీసీవీనే తీసుకోండి, 2017లో హిమాచల్‌లాంటి కొన్నిచోట్ల మొదలుపెట్టి 2021లో దేశమంతా ఇచ్చారు, ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో బూస్టరు. ప్రతి బిడ్డ పేరూ రిజిస్టర్లో ఉంటుంది కాబట్టి ఎవరికి ఏది తప్పిందో ఏఎన్ఎం వేలు పెట్టి చూపిస్తుంది. అక్కడ కూడా శాతం తీసేటప్పుడు కింద వేసే సంఖ్య, అంటే మొత్తం పిల్లలెంతమంది అన్నది, అంచనాయే, జనాభా లెక్కలు చివరిగా వచ్చింది 2011లో కదా, పుట్టింటికి కాన్పుకొచ్చిన తల్లుల పిల్లలు కలిస్తే నూరు శాతం దాటిపోయిన సబ్‌సెంటర్లూ ఉంటాయి. ఫ్లూ టీకా పిల్లలకిచ్చే ఆ ఉచిత టీకాల కార్యక్రమంలో లేదు, ప్రైవేటులో వెయ్యిన్నర, రెండు వేలు పెట్టి వేయించుకున్నది ఏ రిజిస్టర్లోకీ ఎక్కదు. తెలుసుకోవాలంటే సర్వేనే దిక్కు. 2017–18లో దేశవ్యాప్తంగా పెద్దవయసువాళ్ళ మీద చేసిన లాసీ సర్వేలో 45 ఏళ్ళు దాటినవాళ్ళని అడిగితే ఫ్లూ టీకా వేయించుకున్నామన్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు.

మా అక్కావాళ్ళు ఇంగ్లండులో ఉంటారు. బావకి షుగరుంది, ఏటా చలికాలం ముందు డాక్టరు సర్జరీ (అక్కడ క్లినిక్‌ని అలా అంటారు) నుంచి మెసేజ్ వస్తుంది, వెళ్ళి ఉచితంగా వేయించుకుంటాడు. అక్కడ ప్రతి మనిషీ ఏదో ఒక సర్జరీలో నమోదై ఉంటాడు కాబట్టి 65 దాటినవాళ్ళలో ఎంతమంది వేసుకున్నారో సీజన్ నడుస్తుండగానే చెప్పగలరు, మామూలుగా నూటికి డెబ్బై పైనే ఉంటారు. మన దగ్గర కోవిడ్ టీకాలప్పుడు కోవిన్ పోర్టల్‌లో డోసు డోసుకీ పేరు, ఫోన్ నంబరు ఎక్కించాం కదా, అది పెద్దవాళ్ళ మిగతా టీకాలకి ఎందుకు కొనసాగించలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

మీ నాన్నగారికి వేయించాలా అని కూడా అడిగారు. డెబ్బై దాటి ఆయాసం ఉందంటున్నారు, డాక్టరుతో మాట్లాడి వేయించండి. మన దగ్గర ఫ్లూ జనవరి–మార్చిలో ఒకసారి, వానలప్పుడు ఇంకోసారి పెరుగుతుంది, వానలకి ముందు ఏప్రిల్, మే నెలల్లో వేయించుకుంటే నయం. చలికాలం దాకా ఆగడం కాశ్మీరు లాంటి చోట్లకి సరిపోతుంది. టీకా ఫార్ములాని ఏడాదికి రెండుసార్లు సరిచూసి అవసరమైతే మారుస్తారు, పెట్టె మీద ఏ సంవత్సరానిదో రాసుంటుంది, సూది వేయకముందే అడిగి చూడండి. ఆ పెట్టె ఫొటో, వేసిన తేదీ ఫోన్లో దాచుకోండి, వచ్చే ఏడాది డాక్టరు అడిగితే చూపించడానికి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.