క్లోజప్‌ను ఎక్కడ వాడాలి?

ప్రశ్న: ఫోన్‌తో ఒక లఘుచిత్రం తీస్తున్నాను. తండ్రి పొలం అమ్మకపు దస్తావేజుపై సంతకం పెడుతుండగా కూతురు వాకిట్లో ఆడుకుంటూ ఉండే సన్నివేశం అందులో కీలకం. తండ్రికి, కొనేవారికి, కూతురికి, చివరకు కలానికి కూడా క్లోజప్‌లు తీశాను. అయినా సన్నివేశంలో బరువు లేదని చూసినవారు అంటున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, లోపం నటనలో కాక సన్నివేశాన్ని ముక్కలు చేయడంలో ఉన్నట్లు తోస్తోంది. లోపలి సంతకానికీ బయటి ఆటకూ ఉన్న సంబంధమే మీ కథ అయినప్పుడు, ఆ రెంటినీ వేర్వేరు షాట్లలో పెడితే ఆ సంబంధమే తెర మీద కనబడకుండా పోతుంది.

దాదాపు ఇలాంటి సన్నివేశమే 1941 నాటి అమెరికన్ చిత్రం ‘సిటిజన్ కేన్’లో ఉంది. దర్శకుడు ఆర్సన్ వెల్స్, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్. మంచులో ఆడుకుంటున్న బాలుడితో మొదలైన షాట్‌లో కెమెరా వెనక్కి జరుగుతూ, కిటికీ దగ్గరున్న తల్లిని చూపి, ఆమెతోపాటే గదిలోని బల్ల దాకా వస్తుంది. కొడుకును బ్యాంకు సంరక్షణకు అప్పగించే పత్రాలపై అక్కడ ఆమె సంతకం చేస్తుంది. తండ్రి అభ్యంతరం చెబుతూనే ఉంటాడు. వెనక కిటికీ చట్రంలో పిల్లవాడు, తన బతుకు చేతులు మారుతున్న సంగతి తెలియక, చిన్న బొమ్మంతగా కనిపిస్తూ ఆడుతూనే ఉంటాడు. ముందున్న బల్లా దూరానున్న బాలుడూ ఒకే స్పష్టతతో కనబడేందుకు టోలండ్ ఎక్కువ వెడల్పును చూపే వైడ్ యాంగిల్ లెన్సునూ, చిన్న అపెర్చర్‌నూ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), దానికి తగిన బలమైన లైట్లనూ వాడాడు. సంతకాలయ్యాక తల్లి వెళ్లి కిటికీ తెరిచినప్పుడు గాని కెమెరా బయటి నుంచి ఆమె ముఖాన్ని దగ్గరగా చూపదు. అంతవరకు ఆపి ఉంచినందువల్లే ఆ ముఖం మనల్ని అంతగా పట్టేస్తుంది.

మీకు టోలండ్ పడ్డంత శ్రమ అక్కర్లేదు. ఫోన్ కెమెరాలో వెలుతురును గ్రహించే సెన్సర్ చిన్నది కనుక దగ్గరా దూరమూ చాలావరకు స్పష్టంగానే వస్తాయి. వెనక భాగాన్ని మసకబరిచే మోడ్‌ను మాత్రం ఆపేయండి. బల్లను గుమ్మానికి ఎదురుగా వేసి, ముందు తండ్రి చేయి, వెనక వాకిట్లో కూతురు ఒకే ఫ్రేమ్‌లో పడేలా కెమెరాను నిలిపి, సంతకం పూర్తయ్యేదాకా కట్ చేయకండి. ఎండ వాకిట్లో మండుతుంటే గది చీకటిగా వస్తుంది కాబట్టి సాయంత్రం పూట తీయడం మేలు. కలం క్లోజప్‌ను తొలగించండి. సంతకం అనగానే కలాన్ని చూపడం మన సినిమాల్లో ఎలాగూ అరిగిపోయిన అలవాటే. తండ్రి ముఖం క్లోజప్ ఒక్కటి ఉంచుకోండి, అదీ కూతురు ‘నాన్నా’ అని పిలిస్తే అతడు తలెత్తే చోట.